ప్రసిద్ధుల మాటలు – మన తీర్పులు



పూర్వము ప్రసిద్ధుల మాట మన యిండ్లకు వచ్చి చేరుటకు కొంతకాలము పట్టుచుండెడిది. సభలో వారు పలికినదానిని విలేఖరి వ్రాసికొనవలెను, సంపాదకుడు దిద్దవలెను, అచ్చు పడవలెను, తపాలా మనిషి తెచ్చి యీయవలెను. ఇంతలో ఆ మాటలోని వేడి కొంత చల్లారెడిది. ఇప్పుడట్లు కాదు. మంత్రి యైనను, క్రీడాకారుడైనను, సినిమా నటి యైనను తన ఫోనునుండి నాలుగు మాటలు వ్రాసిన నిమిషములోనే, మన పొయ్యిమీద అన్నము ఉడుకుచుండగానే, అవి మన చేతిలోనికి వచ్చిపడుచున్నవి. వాని వెంట వేయిమంది తీర్పులును వచ్చుచున్నవి. ఒకరు 'ఆహా' యందురు. ఒకరు 'ఛీ' యందురు. మనలను గూడ ఏదో యొక పక్షమున చేరుమని తొందరపెట్టుదురు.

ఈ గొడవలో గృహిణులకేమి పని యని కొందరడుగవచ్చును. పని గలదు. సాయంకాలము బడినుండి వచ్చిన పిల్లవాడు 'అమ్మా, ఆయన అట్లనుట తప్పా?' యని యడిగినప్పుడు ఉత్తరము చెప్పవలసినవారము మనమే. ఆ మాటను వాట్సాపులో పదిమంది బంధువులకు పంపునవియు మన చేతులే. కావున ప్రసిద్ధుల మాటలలోని మంచిచెడ్డలను నిర్ణయించు పని, మనము కోరకున్నను మన నెత్తిన బడియున్నది. దానిని న్యాయముగా చేయుట యెట్లో ఈ నెల విచారింతము. ఊరక నీతులు వల్లించుటకంటె జరిగిన కొన్ని సంగతులను ముందుంచుకొని విచారించుట మేలని మాకు తోచుచున్నది.

అన్నిటికంటె ముందు తెలిసికొనవలసినది, ఆ మాట వారిదా కాదా యనునది. 2023 నవంబరులో నటి రశ్మిక మందన్న ముఖమును వేరొక స్త్రీ దేహమునకు యంత్రమాయచేత నతికించిన వీడియో యొకటి దేశమంతట వ్యాపించినది. చూచువారికి అచ్చముగా ఆమెయే యనిపించునట్లుండెను. దానిని చేసినాడని 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఆంధ్రప్రదేశమున నొకనిని నిర్బంధించిరి. ముఖమును మార్చగల యంత్రమునకు గొంతును మార్చుట కష్టము కాదు. అట్టి కాలమున, ఒకరి బొమ్మ ప్రక్కన నాలుగు మాటలు వ్రాసి పంపినంతమాత్రమున అవి వారి మాటలే యని నమ్మరాదు. వారి సొంత పుటలో నున్నదా, ఏ తేదీన వ్రాసినది, నమ్మదగిన పత్రిక యేదైనను ప్రకటించినదా యని చూడవలెను. ఇది తేలనిదే తక్కిన విచారణకు తావు లేదు.

మాట వారిదే యని తేలిన పిమ్మట, దానిని మొత్తముగా చూడవలెను. 2009 సెప్టెంబరులో, అప్పుడు విదేశాంగశాఖ సహాయమంత్రిగా నుండిన శశి థరూర్ గారి విషయమున జరిగినది చూడుడు. ఆ దినములలో ప్రభుత్వము పొదుపు పాటింపవలసినదని మంత్రులకు బోధించుచుండెను. విమానములలో చౌక తరగతిని ఇంగ్లీషువారు వేళాకోళముగా పశువుల తరగతి యందురు. ఒక పత్రికావిలేఖరి ట్విట్టరునందు ఆ మాటనే వాడి, తమరిక ఆ తరగతిలోనే కేరళమునకు పోవుదురా యని మంత్రిగారినడిగెను. ఆయన యా మాటనే తిరిగి చెప్పుచు, మన పవిత్రగోవులకు తోడుగా ఆ తరగతిలోనే పోవుదునని పరిహాసముగా బదులిచ్చిరి. ఇంగ్లీషున 'పవిత్రగోవు' అనగా ఎవరును వేలెత్తి చూపరాని వస్తువో, మనుష్యుడో యని యర్థము. ప్రశ్న నెవరును చూడలేదు. బదులు మాత్రము దేశభాషలలోనికి దిగినది. దిగునప్పటికి, మంత్రి బీదప్రయాణికులను పశువులన్నాడనియు, గోవులను హేళన చేసినాడనియు నయ్యెను. ఆయన పార్టీయే ఆ మాటను తప్పుపట్టెను. రాజస్థాన్ ముఖ్యమంత్రిగా నుండిన అశోక్ గెహ్లాట్ గారు రాజీనామా చేయవలెననిరి. ప్రధానమంత్రి మన్మోహన్ సింగు గారు మాత్రము అది పరిహాసమనిరి. థరూర్ గారు తమ భావమును వివరించి క్షమాపణ చెప్పిరి.

ఇందు దురుద్దేశమును, అజాగ్రత్తను వేరుచేసి చూడవలెను. బీదలను అవమానింపవలెనను నుద్దేశము ఆ మాటలో కనబడదు. ఆ పదమును మొదట వాడినవాడు ప్రశ్నించినవాడు. కాని మంత్రిపదవిలో నున్నవాడు తన మాట ఇంగ్లీషు పలుకుబడి తెలిసిన నలుగురికే గాక, తెలియని కోట్లమందికిని చేరునని యెరుగవలసియుండెను. కావున తప్పు గలదు. అది అజాగ్రత్త యను చిన్న తప్పు. చిన్న తప్పునకు పెద్ద తప్పు పేరు పెట్టుట మరియొక తప్పు. కూరలో ఉప్పు ఎక్కువైనంతమాత్రమున వంటమనిషి విషము పెట్టినదనుట న్యాయము కాదు గదా.

ఇంతకంటె బరువైన సంగతి మన హైదరాబాదు ప్రాంతముననే జరిగినది. 2019 నవంబరు 27వ తేది రాత్రి శంషాబాదు సమీపమున ఒక యువ పశువైద్యురాలు ఘోరమైన అత్యాచారమునకును హత్యకును గురియైనది. ఆ వార్త విన్నప్పుడు కడుపు తరుగుకొనిపోని తల్లి లేదు. కాని తెల్లవారి రెండు దినములైనను కాకముందే ఆ బిడ్డ పేరును, ఛాయాచిత్రమును లక్షలకొలది ఫోనులకెక్కినవి. సానుభూతితోనే సామాన్యులును, పేరుగన్నవారును వానిని ప్రకటించిరి. అట్టి బాధితురాలి గుర్తింపును వెల్లడించుట చట్టమున నేరము. తుదకు పోలీసువారు ఆమెను 'దిశ' యని పిలువవలసినదని కోరవలసివచ్చినది.

'ఆ పేరు అబద్ధము కాదు గదా, చెప్పిన తప్పేమి?' యని యెవరైన నడిగినచో, భారతమున కర్ణపర్వములో నున్న కౌశికుని కథ జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. సత్యమే యాడుదునని వ్రతము పట్టిన తాపసుడాతడు. దొంగలకు వెరచి కొందరు అడవిలో దాగిరి. వారెటు పోయిరని దొంగలడుగగా కౌశికుడు ఉన్నదున్నట్లు త్రోవ చెప్పెను. దొంగలు వారిని పట్టి చంపిరి. ఆ సత్యము కౌశికునకు స్వర్గమీయలేదు, నరకమునకు పంపినది. శ్రీకృష్ణుడే అర్జునునకీ కథ చెప్పును. నిజమైన మాట యెల్ల పలుకదగిన మాట కాదు. దానివలన నిరపరాధులకు కీడు కలుగునా యని చూడవలెను.

తరువాత జరిగినది మరింత చింతింపదగినది. డిసెంబరు 6వ తేది తెల్లవారుజామున, ముద్దాయిలు నలుగురు పోలీసుల కాల్పులలో మరణించిరి. వారు ఆయుధములు లాగికొని తిరుగబడిరని పోలీసులు చెప్పిరి. కొందరు ఆ చోటికి పోయి పోలీసులపై పూలు చల్లిరి. అదే యుదయమున పలువురు నటులును, క్రీడాకారులును సామాజిక మాధ్యమములలో పోలీసులకు జేజేలు పలికి, న్యాయము జరిగినదని ప్రకటించిరి. సుప్రీంకోర్టు ఆ నెలలోనే విశ్రాంత న్యాయమూర్తి వి.యస్. సిర్పుర్కర్ గారి యధ్యక్షతను విచారణసంఘమును నియమించినది. ఆ సంఘము నివేదిక 2022 మే నెలలో వెల్లడియైనది. పోలీసులు చెప్పిన కథ నమ్మదగినది కాదనియు, చంపవలెనను తలంపుతోనే కాల్చిరనియు, పదిమంది పోలీసులను హత్యానేరముపై విచారింపవలెననియు ఆ సంఘము తేల్చెను. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనరులనియు చెప్పెను. సుప్రీంకోర్టు ఆ వ్యవహారమును తెలంగాణ హైకోర్టునకు పంపినది.

ఆనాడు కొనియాడిన ప్రసిద్ధులను క్రూరులనుట న్యాయము కాదు. వారి దుఃఖము నిజమైనదే. ఆడపిల్లలను కన్నవారి భయమును నిజమైనదే. 'మా గుండె మండుచున్నది, త్వరగా విచారణ జరుపుడు' అని వారు వ్రాసియున్నచో నెవరును తప్పుపట్టలేరు. కాని వారు అంతటితో నాగలేదు. ఆ నలుగురే నేరస్థులనియు, జరిగినది న్యాయమనియు సాక్ష్యము పలికిరి. ఏ న్యాయస్థానమును విచారింపలేదు; వారు కన్నులార చూచినది లేదు. తెలియనిదానిని తెలిసినట్లు చెప్పుట సామాన్యునకే తగదు. లక్షలమంది తన మాటను నిజమని నమ్ముదురని యెరిగినవానికి అది బొత్తిగా తగదు. తనకు తెలిసినంతమేరకే చెప్పెనా, దానిని దాటెనా యని మనము చూడవలెను.

ఇక అసత్యమును మంచిపనికొరకు చెప్పవచ్చునా యను ప్రశ్న. 2024 ఫిబ్రవరి 1వ తేదీన కేంద్ర ఆర్థికమంత్రి తాత్కాలిక బడ్జెటు ప్రసంగమున, గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించుటకై 9 మొదలు 14 ఏండ్ల వరకు గల బాలికలకు టీకా వేయించుటను ప్రోత్సహింతుమని చెప్పిరి. మరునాడు పూనమ్ పాండే యను నటి ఆ వ్యాధిచేతనే మరణించినదని ఆమె ఇన్‌స్టాగ్రాము పుటలో ప్రకటన వెలువడినది. దేశమంతయు విచారించినది. మూడవ తేదీన ఆమెయే వీడియోలో కనబడి, తాను బ్రతికియే యున్నాననియు, ఆ రోగమునుగూర్చి జనులకు తెలియజేయుటకే అట్లు చేసితిననియు చెప్పినది. ఆ ప్రచారమున పాలుపంచుకొన్న సంస్థ పిమ్మట క్షమాపణ కోరినది.

ఆమె పక్షము వహించువారి వాదమును గూడ వినవలెను. ఒక్క దినమున ఆ రోగము పేరు ఎన్నడును విననివారు విన్నారందురు. అది నిజమే కావచ్చును. కాని దానికి చెల్లించిన మూల్యమేమి? మా వీధిలో పదునొకండేండ్ల కూతురు గల యొక యిల్లాలు ఆ వారమున మాతో నన్నమాట యిది: 'పంతులమ్మగారూ, బ్రతికియున్న మనిషినే పోయినదన్నారు. ఇక ఆ రోగము నిజమని, ఆ సూదిమందు మంచిదని మేము నమ్ముట యెట్లు?' ఆమె యన్నదానికి బదులు చెప్పుటకు మాకు మూడు దినములు పట్టినది.

ఆమె సందేహమునకు తెలుగుదేశమున పూర్వచరిత్ర గలదు. 2009 జూలైలో నాటి ఆంధ్రప్రదేశములోని ఖమ్మము జిల్లాలో ఇదే టీకాను 10 మొదలు 14 ఏండ్ల బాలికలకు వేసి చూచు పథకము ప్రారంభమైనది. ఒక అమెరికా సంస్థయు, భారత వైద్య పరిశోధన మండలియు కలిసి చేసిన పథకమది. గుజరాతులోని వడోదరయందును జరిగినది. ఆ కాలమున టీకా వేయించుకొన్నవారిలో రెండుచోట్లను కలిపి ఏడుగురు బాలికలు మరణింపగా, 2010 ఏప్రిలున ప్రభుత్వము దానిని నిలిపివేసినది. ఆ మరణములకు టీకా కారణమని చెప్పుటకు ఆధారము లేదని విచారణసంఘము చెప్పెను. కాని పలువురు బాలికల విషయమున తలిదండ్రుల యనుమతి సరిగా తీసికొనలేదనియు, వసతిగృహముల వార్డెనులే సంతకములు చేసిరనియు బయటపడినది. 2013 ఆగస్టున పార్లమెంటు స్థాయీసంఘము ఆ పథకమును తీవ్రముగా ఖండించినది. తల్లులకు చెప్పవలసినది చెప్పక చేసిన పని, మంచిపనియైనను, ఎన్నియేండ్ల యపనమ్మకమును మిగిల్చెనో చూడుడు.

భారతయుద్ధమున ధర్మరాజు జీవితమున నొక్కమారు ద్రోణునితో అరసత్యమాడెను. ఏనుగన్న మాటను మెల్లగా పలికెను. అంతవరకు నేలకు నాలుగంగుళములు పైగా నడచుచుండిన ఆయన రథము అప్పుడు నేలకు దిగెను. మాట నమ్మదగినదని పేరు తెచ్చుకొనుట కష్టము, పోగొట్టుకొనుట క్షణము. పూనమ్ పాండే చేసిన పనిలో తప్పు ఆ అసత్యమునందున్నది. ఆమె వృత్తియందును, దుస్తులయందును లేదు. ఆ దినములలో ఆమె కట్టుబట్టలనుగూర్చి తిట్టినవారే యెక్కువ. వారు తప్పును విడిచి మనిషిని పట్టుకొనిరి. ఒక పురుషుడదే పని చేసియున్నచో అతని చొక్కానుగూర్చి యెవరును మాటలాడియుండరు.

ఇంతకును సోదరీమణులు తెలిసికొనవలసిన నిజములివి. ఈ క్యాన్సరు దాదాపుగా నెల్లవేళల హెచ్.పి.వి. యను క్రిమి చిరకాలము దేహమున నిలిచియుండుటవలన వచ్చును. చిన్ననాడే టీకా వేయించుట, పెద్దవారు పరీక్ష చేయించుకొనుట, తొలిదశలో చికిత్స పొందుట యను మూడింటిచేత దీనిని చాలవరకు అరికట్టవచ్చును. 2030 నాటికి నూటికి 90 మంది బాలికలకు పదునైదవయేటిలోపల టీకా వేయవలెననియు, నూటికి 70 మంది స్త్రీలకు 35వ యేటిలోపల నొకమారు, 45వ యేటిలోపల మరియొకమారు పరీక్ష చేయవలెననియు, రోగము కనబడినవారిలో నూటికి 90 మందికి చికిత్స జరుగవలెననియు ప్రపంచ ఆరోగ్యసంస్థ లక్ష్యముగా పెట్టుకొన్నది. మా పొరుగింటి యిల్లాలికి మేము చెప్పినదియు నిదియే: అబద్ధమాడినది ఒక ప్రకటన, రోగము అబద్ధము కాదు. ఫోనును నమ్మవలదు, డాక్టరునడుగుమంటిమి.

ధనము తీసికొని పలుకు మాటలను వేరుగా తూచవలెను. అభిమాన నటి యొక నూనెను మెచ్చుకొన్నచో, అది ఆమె యనుభవమా, అద్దెకిచ్చిన నోరా యని మనకు తెలియవలెను. 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, తప్పుదారి పట్టించు ప్రకటనకు ప్రచారము చేసిన ప్రసిద్ధునకు సైతము పదిలక్షల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. మరల చేసినచో యాభైలక్షల వరకును. ఒక సంవత్సరము ప్రకటనలలో పాల్గొనరాదని నిషేధింపను వచ్చును; మరల చేసినచో మూడు సంవత్సరములు. తగిన విచారణ చేసిన పిమ్మటనే చెప్పితినని చూపగలవానికి ఈ శిక్ష లేదు. ధనమో, కానుకయో పుచ్చుకొని చెప్పునపుడు అది ప్రకటనయని స్పష్టముగా వ్రాయవలెనని 2023 జనవరిలో కేంద్రప్రభుత్వము సూచనలు చేసినది. 2025 మార్చిలో, పందెముల యాపులకు ప్రచారము చేసిరని తెలంగాణమున పలువురు నటులపై పోలీసులు కేసులు పెట్టిరి. ఆ యేడు ఆగస్టున పార్లమెంటు ధనము నొడ్డి యాడు ఆన్‌లైను ఆటలను, వాని ప్రకటనలను నిషేధించు చట్టము చేసినది. కేసు పెట్టినంతనే నేరము రుజువైనట్లు కాదు. దిశ సంగతిలో పనికివచ్చిన నీతి ఇక్కడను పనికివచ్చును. కాని ఇంట నొక కుర్రవాడు పందెములలో జీతమంతయు పోగొట్టుకొన్న తల్లికి, ఆ ప్రకటనలో నవ్విన ముఖము మరపునకు రాదు. చట్టమెట్లున్నను, తన బిడ్డకు వలదను వస్తువును ఊరివారి బిడ్డలకు మంచిదని చెప్పుట ధర్మము కాదు.

పదవిలో నున్నవారి మాట యెవరి మాట? ఈ ప్రశ్న సుప్రీంకోర్టు వరకు పోయినది. 2016లో ఉత్తరప్రదేశమున బులంద్‌శహర్ సమీపమున ఒక తల్లియు, ఆమె చిన్నకుమార్తెయు రహదారిమీద అత్యాచారమునకు గురికాగా, ఆ రాష్ట్రమంత్రి యాజం ఖాన్ గారు అది రాజకీయ కుట్రయని పలికిరి. బాధితకుటుంబము న్యాయస్థానమునకెక్కగా, ఆ సంవత్సరము డిసెంబరున మంత్రి బేషరతుగా క్షమాపణ చెప్పిరి. ఇట్టి మాటలను కట్టడి చేయుట యెట్లను ధర్మసందేహము ఐదుగురు న్యాయమూర్తుల ముందునకు వచ్చినది. 2023 జనవరి 3న తీర్పు వెలువడినది. రాజ్యాంగము 19వ అధికరణమున చెప్పిన హద్దులు దప్ప మంత్రుల మాటకు కొత్త హద్దులు కోర్టు పెట్టజాలదనియు, ఒక మంత్రి మాటను ప్రభుత్వము మాటగా నెంచరాదనియు నలుగురు చెప్పిరి. న్యాయమూర్తి నాగరత్నగారు మాత్రము, మంత్రిహోదాలో పలికినదియు, ప్రభుత్వాభిప్రాయమును తెలుపునదియునైన మాటకు ప్రభుత్వమే బాధ్యత వహింపవలెనని భిన్నాభిప్రాయము వ్రాసిరి. పార్టీలు తమవారి మాటలకు నియమావళి యేర్పరచుకొనవలెననిరి.

దీనివలన మనకు తెలియునదేమన, చట్టము గీసిన గీతయు, ధర్మము గీసిన గీతయు ఒకటి కావు. మాటకు చెరసాల పెట్టుటయు మంచిది కాదు. 2012 నవంబరున మహారాష్ట్రములోని పాల్ఘరులో, బాల్ ఠాక్రే గారు మరణించినప్పటి బంద్‌నుగూర్చి ఫేస్‌బుక్కునందు నాలుగు మాటలు వ్రాసిన యువతిని, ఆ మాటలు నచ్చినవని గుర్తు పెట్టిన మరియొక యువతిని పోలీసులు నిర్బంధించిరి. అట్టి యరెస్టులకాధారమైన 66ఎ సెక్షనును 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టివేసినది. పెద్దలను శిక్షింపవలెనని చేసిన చట్టము మొదట చిన్నవారి తలుపే తట్టును. కావున మంత్రి మాట తప్పని చెప్పవలసినది పోలీసు కాదు, మనమే. ఓటు వేయునప్పుడును, పిల్లలకు చెప్పునప్పుడును చెప్పవలెను. అధికారము పెద్దదైనకొలది మాటకు జాగ్రత్తయు పెద్దదిగా నుండవలెనని యడుగు హక్కు మనకున్నది.

పాత మాటల సంగతి యొకటి మిగిలినది. 2021 జూను 2న ఇంగ్లండు క్రికెటు జట్టులో ఆలీ రాబిన్సన్ లార్డ్స్ మైదానమున తొలి టెస్టు ఆడెను. ఆ దినముననే, అతడు ఎనిమిది తొమ్మిదేండ్ల క్రిందట, పదునెనిమిది పందొమ్మిదేండ్ల వయసున, స్త్రీలనుగూర్చియు ఇతర జాతులనుగూర్చియు వ్రాసిన హీనమైన మాటలను ఎవరో పైకి తీసిరి. ఆ సాయంకాలమే అతడు క్షమాపణ చెప్పెను. క్రికెటు బోర్డు అతనిని తొలగించి, విచారించి, ఎనిమిది ఆటల నిషేధమును, 3200 పౌండ్ల జరిమానాను విధించినది. అందు ఐదాటల శిక్షను నిలిపియుంచి, మూడాటలు అప్పటికే తప్పినవని లెక్కించినది. ఆగస్టున అతడు మరల జట్టులోనికి వచ్చి, మనదేశపు జట్టుతోనే ఆడెను. ఇది న్యాయమైన త్రోవయని మాకు తోచుచున్నది. తప్పును తప్పన్నారు, శిక్షకు కొలత పెట్టినారు, తిరిగి వచ్చుటకు తలుపు తెరచియుంచినారు. క్షమాపణను తూచుటకును గురుతులున్నవి. 'ఎవరి మనసైన నొచ్చియున్నచో' అనునది క్షమాపణ కాదు, నొచ్చినవారిదే తప్పన్నట్లుండును. 'నేనీ మాట యన్నాను, అది తప్పు, ఇక ననను' అని చెప్పి, పిమ్మట అట్లే నడచినవానిని క్షమింపవలెను.

తుదకు మన త్రాసునుగూర్చి యొక మాట. పైని చెప్పిన విచారణ యంతయు మనకు నచ్చనివారి విషయమున సులభము. మన అభిమాన నటుడు, మన కులమువాడు, మనము ఓటు వేసిన పార్టీవాడు అదే మాట యన్నప్పుడు, 'ఆయన భావము వేరు' అని మన నోరే సమర్థించుటకు సిద్ధపడును. అంగడివాడు కొనునప్పుడొక రాయి, అమ్మునప్పుడొక రాయి పెట్టినచో మనమూరకుందుమా? పేరు తీసివేసి మాటను మాత్రము ఎదుట పెట్టుకొని, పగవాడన్నచో నేమందుమో తనవాడన్నను అదే యనవలెను. ఇది యిండ్లలో కలతలు పెట్టును. భోజనముల వేళ బావగారికిని మరదులకును మాట పట్టింపులు వచ్చును. వచ్చినను, పీటలపై కూర్చుండి చూచుచున్న పిల్లలు నేర్చుకొనునది అచ్చటనే.

తీర్పు చెప్పవలసిన ప్రతి మాటకును ఆనాడే చెప్పవలెనను నియమము లేదు. దిశ సంగతిలో నిజము కొంత తేలుటకు రెండేండ్ల పైన పట్టినది. కాలు జారిన తీసికొనవచ్చును గాని నోరు జారిన తీసికొనలేమను సామెత నేడు వ్రేలికిని వర్తించును. ఎవరినైన దూషించు వార్త వచ్చినప్పుడు ఒక దినమాగి, అప్పటికిని నిజమని తోచినచో, పంపవలసిన వారికి మాత్రము పంపుట మంచిది.

మీ యిండ్లలో ఇట్టి చర్చలు వచ్చినప్పుడు మీరేమని బదులు చెప్పితిరో, పిల్లలేమని యెదురు ప్రశ్నించిరో మాకు వ్రాయుడు. పేర్లు ప్రకటింపక, పదిమందికి పనికివచ్చు నుత్తరములను వచ్చు నెల ఈ పుటలోనే ప్రకటింతుము.